కనిపించనిదాన్ని లెక్కపెట్టిన కథ: ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్, రాతినార



ఈ భాగాన్ని ఒక చట్టంతో మొదలుపెడతాను. విసుక్కోకండి, చట్టం గురించి కాసేపే. మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం అని 1948 నాటిది ఒకటుండేది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో, దానికి పెద్ద సవరణ చేశారు. అప్పుడు ఒక పట్టిక చేర్చారు. పనిచేసే చోట గాలిలో ఏ పదార్థం ఎంతవరకు ఉండొచ్చు అన్నది ఆ పట్టిక. అమోనియా ఇంత, క్లోరిన్ ఇంత అని వరసగా రాసుకుంటూ పోయి, రాతినార దగ్గరికి వచ్చేసరికి లెక్క మార్చేశారు. అక్కడ బరువు లేదు. ఒక మిల్లీలీటరు గాలిలో ఎన్ని పోగులు అని ఉండేది. పోగు అంటే ఏమిటో కూడా చెప్పారు: పొడవు 5 మైక్రాన్ల కంటే ఎక్కువ, వెడల్పు 3 మైక్రాన్ల కంటే తక్కువ, వెడల్పు కంటే పొడవు కనీసం మూడు రెట్లు. అక్కడితో ఆగలేదు. దాన్ని 400 నుంచి 450 రెట్లు పెద్దది చేసి, ఫేజ్ కాంట్రాస్ట్ వెలుగులో చూసి లెక్కపెట్టాలి అని కూడా రాశారు.

రాతినార అంటే ఆస్బెస్టాస్. ఇళ్ళ మీద, కొట్టాల మీద వేసే సిమెంటు రేకుల్లో సిమెంటును పట్టి ఉంచే నార అదే. మా ఇంట్లో గొడ్ల కొట్టం మీద ఆ రేకులే ఉండేవి, చిన్నప్పుడు విరిగిన ముక్కలతో నేల మీద గీతలు గీసుకునేవాళ్ళం. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

నన్ను ఆపింది ఆ ‘ఫేజ్ కాంట్రాస్ట్’ అన్న మాట. చట్టాలు మామూలుగా ఇంత ఉండాలి, అంత ఉండకూడదు అంటాయి. ఎలాంటి వెలుగులో చూడాలో చెప్పే చట్టాలు ఎన్ని ఉంటాయి? నెదర్లాండ్స్‌లో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ వేరే పని చేసుకుంటూ కనిపెట్టిన ఒక చిట్కా, మన ఫ్యాక్టరీల చట్టం దాకా ఎలా వచ్చింది? ఇవాళ్టి కథ అది.

1930లో రెండు పనులు జరిగాయి. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. జరిగినప్పుడు ఎవరూ వాటిని కలిపి చూడలేదు కూడా.

మొదటిది ఇంగ్లండ్‌లో. అంతకు ఆరేళ్ళ ముందు, 1924లో, రోచ్‌డేల్ అనే ఊళ్ళో నెల్లీ కెర్షా అనే ఆవిడ చనిపోయింది. వయసు 33. రాతినారతో దారం వడికే మిల్లులో పనిచేసింది. విలియం కుక్ అనే డాక్టరు ఆమె ఊపిరితిత్తుల ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, మచ్చలు కట్టిన కండ మధ్యలో ఖనిజపు ముక్కలు కనిపించాయి. దాన్ని ఆయన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ తర్వాత ప్రభుత్వం మెరెవెదర్ అనే వైద్య ఇన్‌స్పెక్టరుని, ప్రైస్ అనే ఇంజినీరుని విచారణకి పంపింది. వాళ్ళ నివేదిక వచ్చింది 1930లో. 363 మంది కార్మికుల్ని పరీక్షిస్తే 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడి ఉన్నాయి. అంటే నలుగురిలో ఒకరికి పైనే. 1931లో నియమాలు వచ్చాయి. దుమ్ము తగ్గించాలి అన్నారు. ఎంతకి తగ్గించాలి? దానికి అంకె లేదు. వడికే గదుల్లో ఒక రకం యంత్రం దగ్గర ఉండే దుమ్ముని కొలబద్దగా పెట్టుకున్నారు, అంతకంటే ఎక్కువ దుమ్ము లేచే పనుల దగ్గర గాలిని లాగేసే ఏర్పాటు ఉండాలన్నారు. పాపం, వాళ్ళని అనడానికి లేదు. ఆ పోగుల్ని లెక్కపెట్టే సాధనం అప్పటికి లేదు.

రెండోది నెదర్లాండ్స్‌లో, గ్రోనింగన్ విశ్వవిద్యాలయంలో. అక్కడ ఫ్రిట్స్ జెర్నికే అనే ప్రొఫెసర్ ఉండేవాడు. 1888లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. అమ్మా నాన్నా ఇద్దరూ లెక్కల పంతుళ్ళే. ఇంటిల్లిపాదీ ఘటికులు: ఒక అక్కగారు ఆ దేశంలో మతబోధకురాలిగా దీక్ష పొందిన మొదటి మహిళ, ఇంకొకామె నవలా రచయిత్రి. 1999లో నోబెల్ తీసుకున్న గెరార్డ్ టి హూఫ్ట్ ఉన్నాడే, ఆయన నాయనమ్మో అమ్మమ్మో వరసలో ఈ జెర్నికేకి తోబుట్టువు. జెర్నికే చదువుకునే రోజుల్లో గ్రామఫోను యంత్రం తిప్పే బుల్లి వేధశాల ఒకటి కట్టుకుని తోకచుక్కల ఫోటోలు తీసేవాడట. 1913లో కాప్‌టెయిన్ అనే పేరున్న ఖగోళ శాస్త్రవేత్త దగ్గర సహాయకుడిగా చేరి గ్రోనింగన్ వచ్చాడు, ఇక అక్కడే ఉండిపోయాడు.

1930లో ఆయన ప్రయోగశాలకి ఒక పెద్ద పుటాకార గ్రేటింగ్ వచ్చింది. గ్రేటింగ్ అంటే అద్దం మీద లెక్కలేనన్ని సన్నని గీతలు దగ్గర దగ్గరగా గీసిన పలక. వెలుగుని రంగులుగా విడదీస్తుంది. గీతలు గీసే యంత్రంలో చిన్న తప్పు ఉన్నా పలక మీద చారలు చారలుగా కనిపిస్తుంది. పలక కంటికి 6 మీటర్ల దూరంలో ఉంది. బాగా చూద్దామని జెర్నికే చిన్న టెలిస్కోప్ పెట్టాడు. చారలు స్పష్టంగా కనిపించాయి. ఇంకా స్పష్టంగా చూద్దామని టెలిస్కోప్‌ని సరిగ్గా పలక మీదికే ఫోకస్ చేశాడు. చారలు మాయమయ్యాయి!

మామూలుగా ఫోకస్ కుదిరితే వస్తువు బాగా కనిపించాలి కదా. ఇక్కడ ఫోకస్ తప్పితే కనిపిస్తోంది, కుదిరితే పోతోంది. ఇంకొకరైతే కళ్ళు తుడుచుకుని వేరే పని చూసుకునేవారేమో. ఆయన దాన్ని పట్టుకున్నాడు. అక్కడున్నది వెలుగు ఎక్కువ తక్కువల తేడా కాదు, దశ తేడా అని గ్రహించాడు.

దశ అంటే ఏమిటో మన పొలం భాషలో చెప్తాను. పదిమంది కూలీలు ఒకే వరసలో, ఒకే అడుగుతో నడుస్తున్నారు అనుకోండి. సగం మంది గట్టు మీద, సగం మంది పక్కన బురద మడిలో. మడి దాటేసరికి బురదలో నడిచినవాళ్ళు ఒక అడుగు వెనకబడతారు. కానీ ఎవరూ తగ్గలేదు. అవతలి ఒడ్డున కూర్చుని తలలు లెక్కపెట్టేవాడికి ఏ తేడా తెలియదు. మన కన్ను అలా తలలు లెక్కపెట్టేది మాత్రమే. వెలుగు ఎంత వచ్చిందో చూస్తుంది, ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడలేదు. బతికున్న కణం ఆ బురద మడి లాంటిది. వెలుగుని దాదాపు మింగదు, కొంచెం ఆలస్యం చేస్తుంది. ఎంత ఆలస్యం? తరంగంలో పావు వంతు, అంతకన్నా తక్కువే. ఆకుపచ్చ వెలుగులో పావు తరంగం అంటే సుమారు 0.14 మైక్రాన్లు, వెంట్రుక మందంలో 500వ వంతు. అందుకే రంగు వేయని కణం మైక్రోస్కోప్‌లో నీళ్ళలో నీళ్ళలాగా ఉంటుంది. రంగు వేస్తే కనిపిస్తుంది, కానీ రంగు వేయాలంటే మామూలుగా దాన్ని చంపాలి.

జెర్నికే చేసిన పని ఇది. వస్తువులోంచి వచ్చే వెలుగులో రెండు భాగాలున్నాయి. తిన్నగా దూసుకొచ్చేది ఒకటి, వస్తువు తగిలి చెదిరిపోయేది ఇంకొకటి. ఈ చెదిరిన వెలుగు పావు తరంగం వెనకబడి ఉంటుంది. కటకం వెనకాల ఒక చోట ఈ రెండూ విడివిడిగా దొరుకుతాయి. కింద నుంచి ఉంగరం ఆకారంలో వెలుగు పంపితే, తిన్నగా వచ్చేది అక్కడ ఉంగరంలా పడుతుంది, చెదిరింది అంతటా పరుచుకుంటుంది. సరిగ్గా ఆ ఉంగరం పడే చోట ఒక గాజు పలక పెట్టి, తిన్నగా వచ్చే వెలుగుని పావు తరంగం ముందుకి జరిపాడు. అది చాలా బలంగా ఉంటుంది కాబట్టి కొంచెం మసకబార్చాడు కూడా. ఇప్పుడు రెండిటి మధ్య తేడా సగం తరంగం. ఒకటి పైకి లేచినప్పుడు ఇంకొకటి కిందికి. కలిసిన చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే చీకటి. ఆలస్యం కాస్తా చీకటిగా మారింది. చీకటిని కన్ను చూడగలదు.

1932లో జెర్నికే దీన్ని తీసుకుని జర్మనీలో జేనా ఊరికి, జైస్ కంపెనీకి వెళ్ళాడు. మైక్రోస్కోప్ అంటే అప్పట్లో జైసే. అక్కడ పెద్దగా ఎవరూ ఉత్సాహపడలేదు. వాళ్ళ పాత శాస్త్రవేత్త ఒకాయన, ఇందులో నిజంగా పనికొచ్చేదేదైనా ఉంటే మేమే ఎప్పుడో కనిపెట్టి ఉండేవాళ్ళం అన్నాడట. ఈ సంగతి జెర్నికేనే ఇరవై ఏళ్ళ తర్వాత నోబెల్ ఉపన్యాసంలో చెప్పుకున్నాడు. ఎంత మంటగా ఉండి ఉంటే అంతకాలం గుర్తుంటుంది చెప్పండి! ఆ కంపెనీకి పేరు తెచ్చిన సిద్ధాంతాలన్నీ ఎర్నెస్ట్ అబ్బేవి, అవి 1890 నాటికే అయిపోయాయి, తర్వాతివాళ్ళు ఆ నీడలోనే కూర్చున్నారని కూడా ఎత్తిపొడిచాడు.

తర్వాత యుద్ధం. 1941లో జర్మన్ సైన్యం పనికొచ్చే కొత్త ఆవిష్కరణలేమున్నాయో జాబితా తీసినప్పుడు ఇది బయటపడింది. జైస్ వాళ్ళు అప్పుడు తయారీ మొదలుపెట్టారు. అక్కడే కుర్ట్ మిషెల్ అనే ఆయన మిడత కణం రెండుగా చీలడాన్ని, బతికుండగానే, సినిమా తీశాడు. క్రోమోజోములు జరగడం, విడిపోవడం అంతా. అంతవరకు చచ్చిన కణాల బొమ్మలు వరసగా పేర్చుకుని ఊహించుకున్నది కళ్ళ ముందు కదిలింది. 1953లో జెర్నికేకి నోబెల్ వచ్చింది. అణువులు, కేంద్రకాల మోజు నడుస్తున్న రోజుల్లో పాతకాలపు కాంతి శాస్త్రానికి బహుమతి ఇవ్వడం కొంచెం విచిత్రమే.

చాలామంది ఈ కథని ఇక్కడితో ఆపేస్తారు. కణాలు అందంగా కనిపించాయి, బహుమతి వచ్చింది, శుభం. నాకు ఆ తర్వాతి భాగమే ఎక్కువ ఇష్టం. చూడటం వేరు, కొలవడం వేరు.

కొలవడానికి దీన్ని వాడినవాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి ఆక్స్‌ఫర్డ్‌లోని రాబర్ట్ బేరర్. 1950లలో ఆయన ఒక్కొక్క బతికున్న కణంలో ఎంత సరుకుందో తేల్చే దారి చూపించాడు. మీరు ఎప్పుడైనా ప్రయోగశాలలో వాడే గాజు కడ్డీని వంటనూనెలో ముంచి చూశారా? దాదాపు కనిపించకుండా పోతుంది. గాజు, నూనె రెండూ వెలుగుని దాదాపు ఒకేలా వంచుతాయి కాబట్టి. బేరర్ అదే పని కణంతో చేశాడు. ప్రోటీన్ కలిపిన నీళ్ళలో కణాన్ని పెట్టి ఫేజ్ కాంట్రాస్ట్‌లో చూస్తే చుట్టూ ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. ప్రోటీన్ పెంచుకుంటూ పోతే నలుపు తగ్గుతూ వస్తుంది. ఒక దగ్గర కణం మాయం. ఇంకా పెంచితే ఈసారి తెల్లగా తేలుతుంది. మాయమైన ఆ ఒక్క చోట లోపలి చిక్కదనం, బయటి చిక్కదనం సమానం. బయట ఎంత కలిపామో మనకి తెలుసు, కాబట్టి లోపల ఎంతుందో తెలిసిపోయింది. 100 మిల్లీలీటర్లకు ఒక్కో గ్రాము ప్రోటీన్ చేరినప్పుడల్లా వక్రీభవన గుణకం సుమారు 0.0018 పెరుగుతుంది, అదే తూకపురాయి. వస్తువు కనిపించకుండా పోయిన క్షణంలో దాని కొలత దొరకడం అంటే నాకు భలే అనిపిస్తుంది.

రక్తంలో ప్లేట్‌లెట్లు కూడా ఇలాగే. డెంగీ రోజుల్లో మనమంతా ప్లేట్‌లెట్ల అంకెలు నోటికి చెప్తాం కదా, ఇప్పుడు యంత్రాలు లెక్కిస్తున్నాయి. 1950లో బ్రెకర్, క్రాంకైట్ అనే ఇద్దరు, అమ్మోనియం ఆక్సలేట్ ద్రావణంతో ఎర్ర కణాల్ని కరిగించి, మిగిలిన ప్లేట్‌లెట్లని ఫేజ్ కాంట్రాస్ట్ కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పద్ధతి ఇచ్చారు. చాలాకాలం యంత్రాల లెక్క సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవడానికి కూడా అదే ఆధారం.

ఇక మళ్ళీ రాతినార దగ్గరికి వద్దాం.

1930ల తర్వాత దుమ్ముని కొలవడం మొదలైంది గానీ, కొలిచే తీరు మొరటుగా ఉండేది. అమెరికాలో గాలిని సీసాలోని ద్రవంలోకి బుడగలుగా పంపేవాళ్ళు, అందులో చిక్కిన కణాల్ని తక్కువ పెద్దది చేసే మామూలు మైక్రోస్కోప్‌తో లెక్కపెట్టేవాళ్ళు. ఘనపు అడుగు గాలికి ఇన్ని మిలియన్ల కణాలు అని రాసేవాళ్ళు. 1938లో అక్కడ సూచించిన హద్దు 5 మిలియన్లు. ఇందులో చిక్కేమిటంటే, వాళ్ళు లెక్కపెట్టింది దుమ్ముని, పోగుల్ని కాదు. మట్టి రేణువూ ఒకటే, ఊపిరితిత్తిలో గుచ్చుకునే పోగూ ఒకటే. వడ్లూ తాలూ కలిపి కొలిచి, ఇన్ని బస్తాలు పండాయి అన్నట్టు.

ఈలోగా సంగతి ఇంకా ముదిరింది. 1960లో వాగ్నర్, ఆయన తోటి ఇద్దరు డాక్టర్లు దక్షిణాఫ్రికా నుంచి 33 మంది రోగుల గురించి రాశారు. అందరిదీ ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్. దాదాపు అందరికీ అక్కడి నీలం రాతినార గనుల ప్రాంతంతో సంబంధం. వాళ్ళలో గనిలో పని చేయనివాళ్ళు, ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక దుమ్ము తగ్గించండి అంటే సరిపోదు. పోగులు ఎన్ని, అంకె కావాలి.

1960లలో బ్రిటన్‌లో పొర ఫిల్టరు పద్ధతి స్థిరపడింది. ఇది ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. పనివాడి చొక్కా కాలరు దగ్గర, ముక్కుకి దగ్గరగా, చిన్న డబ్బీ తగిలిస్తారు. అందులో 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న తెల్లని పొర. నడుముకి కట్టిన పంపు ఆ పొరలోంచి గాలిని లాగుతుంది. సాయంత్రం ఆ పొర తీసి గాజు పలక మీద పరిచి అసిటోన్ ఆవిరి పట్టిస్తే, తెల్లని పొర కరిగి గాజులా అయిపోతుంది. దాని మీద ట్రైఅసిటిన్ చుక్క వేసి మూత వేస్తారు.

ఇక్కడే జెర్నికే అవసరం పడింది. కరిగిన పొర వక్రీభవన గుణకం 1.45 దగ్గర. తెల్ల రాతినారది 1.55 దగ్గర. మళ్ళీ నూనెలో గాజు కడ్డీ కథే. మామూలు మైక్రోస్కోప్‌లో సన్నని పోగులు కనిపించీ కనిపించకుండా పోతాయి. ఫేజ్ కాంట్రాస్ట్ పెట్టగానే నల్లని గీతల్లా తేలతాయి. మిడత కణాన్ని చూపించిన ఉంగరమే ఇది.

కంటిచోట లోపల ఒక వృత్తం గీసి ఉంటుంది. 1977లో వాల్టన్, బెకెట్ అనేవాళ్ళు రూపొందించారు. వ్యాసం సరిగ్గా 100 మైక్రాన్లు. వృత్తం అంచున 5 మైక్రాన్ల పొడవు ఎంతో, మూడింతలంటే ఎంతో చూపించే నమూనా గీతలు ఉంటాయి. పోగు రెండు కొసలూ వృత్తంలో ఉంటే ఒకటి. ఒక కొస లోపల, ఒక కొస బయట ఉంటే అర. రెండు కొసలూ బయట ఉండి మధ్యలోంచి దాటిపోతే సున్నా. ఇలా 100 పోగులు వచ్చేదాకా, లేదంటే 100 వృత్తాలు అయ్యేదాకా లెక్కపెడుతూ పోవాలి.

అంకెలు చూద్దాం. దుమ్ము పట్టే పొర వైశాల్యం 385 చదరపు మిల్లీమీటర్లు. ఒక వృత్తం 0.00785. అంటే పొర మీద 49,000 వృత్తాలు పడతాయి, మనం చూసేది అందులో 100. నిమిషానికి లీటరు చొప్పున 8 గంటలు గాలి లాగితే 480 లీటర్లు. వృత్తానికి సగటున ఒక్క పోగు కనిపించిందనుకోండి, పొర మీద మొత్తం 49,000 పోగులు, అంటే మిల్లీలీటరుకు 0.1. అమెరికాలో 1994 నుంచి ఉన్న హద్దు సరిగ్గా ఇదే. 1971లో వాళ్ళు మొదలుపెట్టినప్పుడు 12 ఉండేది, ఆ ఏడాది చివర్లోనే 5 చేశారు, 1976లో 2, 1986లో 0.2, ఆ తర్వాత 0.1. ఆ చిన్న అంకె ఊపిరితిత్తికి ఎంత? ఒక షిఫ్టులో పనివాడు పీల్చే గాలి 10 ఘనపు మీటర్లు అని లెక్క వేస్తారు. మిల్లీలీటరుకు 0.1 అంటే రోజుకి పది లక్షల పోగులు. హద్దు లోపల ఉన్నప్పటి మాట ఇది.

ఇప్పుడు నాకు బాగా ఆశ్చర్యం కలిగించిన సంగతి చెప్తాను. ఈ పనికి వాడే ప్రతి మైక్రోస్కోప్‌కీ ఒక పరీక్ష ఉంటుంది. బ్రిటన్‌లో తయారైన ఒక గాజు పలక మీద ఏడు వరసల గీతలుంటాయి. మొదటి వరస మోటుగా, పోనుపోను సన్నగా, ఏడోది మరీ సన్నగా. మూడో వరస దాకా పూర్తిగా కనిపించాలి. నాలుగు, ఐదు కొంతైనా కనిపించాలి. ఆరు, ఏడు కనిపించకూడదు. అవును, కనిపించకూడదు! కనిపిస్తే ఆ మైక్రోస్కోప్ పనికిరాదు, పక్కన పెట్టేయాలి.

మరీ బాగా కనిపిస్తోందని మైక్రోస్కోప్‌ని తిప్పి పంపడం ఎక్కడన్నా విన్నారా? దీనికి కారణం ఉంది. ఇన్ని పోగులు పీలిస్తే ఇంతమందికి జబ్బు వస్తుంది అన్న లెక్కలు ఈ రకం మైక్రోస్కోప్‌తో, ఈ రకం చూపుతో కట్టినవి. ఫేజ్ కాంట్రాస్ట్‌లో సుమారు 0.25 మైక్రాన్ల కంటే సన్నని పోగు కంటికి చిక్కదు. తెల్ల రాతినార విడి పోగు సుమారు 0.03 మైక్రాన్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే పోగులు ఇంకా ఎన్నో బయటపడతాయి. చూపు మెరుగుపడితే అంకె పెరుగుతుంది, కానీ ఆ కొత్త అంకెకి ఎదురుగా పెట్టి చూడటానికి పాత కార్మికుల లెక్క ఉండదు. అందుకని చూపుని ఒక చోట బిగించేశారు.

కాబట్టి నివేదికలో ఉన్న 0.1 అనేది గాలిలో ఉన్న పోగుల సంఖ్య కాదు. ఫలానా చూపుకి, ఫలానా నియమాలతో చిక్కిన పోగుల సంఖ్య. 5 మైక్రాన్లు, మూడు రెట్లు అన్నవి కూడా ఊపిరితిత్తి పెట్టిన హద్దులు కావు. చాలావరకు ఇద్దరు మనుషులు ఒకే పలక చూసి ఒకే అంకె చెప్పగలగాలన్న అవసరం పెట్టిన హద్దులు. పైగా ఈ పద్ధతికి రాతినార ఏదో, గాజునార ఏదో, నూలు పోగు ఏదో తేడా తెలియదు. ఆకారం సరిపోతే లెక్కలోకి వస్తుంది. పోగు చుట్టూ తెల్లని వలయం కమ్ముతుంది, అది ఫేజ్ కాంట్రాస్ట్‌కి పుట్టుకతో వచ్చిన లోపం, దానివల్ల వెడల్పు కొలవడం నమ్మదగ్గ పని కాదు. చూసేవాళ్ళు మనుషులు కాబట్టి అలసట కూడా ఉంటుంది. ఒకే పలకని వేరే వేరే ప్రయోగశాలలకి పంపి అంకెలు పోల్చే ఏర్పాట్లు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి, అలాంటి ఒకదాని పేరు పొడి అక్షరాల్లో ‘ఆఫ్రికా’ అని వస్తుంది. రాతినార గనుల ఖండం పేరు, ఎవరు పెట్టారో గానీ.

పద్ధతి బాగున్నా హద్దు తప్పు కావొచ్చు, దానికీ ఉదాహరణ ఉంది. 1968లో బ్రిటన్‌లో వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం మిల్లీలీటరుకు 2 పోగులు అని హద్దు సూచించింది. ఆధారం ఒకే ఫ్యాక్టరీలోని 290 మంది రికార్డులు. ఏ ఊరి ఫ్యాక్టరీ? రోచ్‌డేల్. నెల్లీ కెర్షా పనిచేసిన ఊరే. తర్వాత అదే కార్మికుల్ని మళ్ళీ చూస్తే జబ్బు మొదట అనుకున్నదానికంటే బాగా ఎక్కువ మందికి ఉంది. ఈ జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది. తొందరపడి చూస్తే తక్కువే కనిపిస్తుంది. ఆ హద్దుని ఆధారంగా చేసుకుని చాలా దేశాలు ఏళ్ళ తరబడి నడిచాయి.

మన దగ్గర? రాతినార మనకి దూరపు సంగతి కాదు. కడప జిల్లాలో పులివెందుల చుట్టుపక్కల వేంపల్లె రాళ్ళలో తెల్ల రాతినార ఉంది, అక్కడ గనులు నడిచాయి. 1986లో కేంద్రం కొత్త గని లీజులు ఆపేసింది. కానీ వాడకం ఆగలేదు, రేకుల కోసం విదేశాల నుంచి తెప్పించుకుంటూనే ఉన్నాం. అదే 1986లో అహ్మదాబాద్‌లోని కన్జ్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన పిటిషన్ సుప్రీంకోర్టులో నమోదైంది. తీర్పు వచ్చింది 1995 జనవరి 27న. తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన మన తెలుగాయన. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగం అని ఆ తీర్పు చెప్పింది. జబ్బు ఉన్నట్టు తేలినవాళ్ళకి లక్ష రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలంది. దాంతో పాటు, రాతినార వాడే ఫ్యాక్టరీలన్నీ పొర ఫిల్టరు పరీక్ష చేయాలని ఆదేశించింది. మనం ఇందాక చెప్పుకున్న పరీక్షే.

ఆ తీర్పులో ఇంకొక ఆదేశం ఉంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునీ పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలి. 1995లో ఇరవై ఏళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో చేరిన మనిషి రికార్డు 2035 దాకా బీరువాలో ఉండాలన్నమాట. అందులో ఎక్కడో ఒక అంకె ఉంటుంది, మిల్లీలీటరుకు ఇన్ని అని. ఎవరో ఒకాయన చీకటి గదిలో ఒంటి కన్నుతో చూస్తూ, ఒక పోగు, అర పోగు అని వేళ్ళ మీద కూడుకున్న అంకె.

సరే, ఈ భాగానికి ఇంతే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక ఈ లెక్కలు ఎలా తారుమారయ్యాయో వచ్చే భాగంలో మాట్లాడుకుందాం. రేకుల పనిలోనో, గనుల్లోనో చేసినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉంటే వాళ్ళ అనుభవాలు రాసి పంపండి.